టోల్‌గేటు నేర్పిన పాఠం: గర్భిణి పీల్చే గాలి, మన ఇల్లు, మన గుడి



2023 జూన్ 7 మధ్యాహ్నం మీకు గుర్తుండే ఉంటుంది. కెనడాలోని క్యుబెక్ అడవుల్లో రేగిన మంటల పొగ వందల మైళ్లు దాటి మన మీదికి వచ్చింది. పట్టపగలే ఆకాశం పసుపుపచ్చగా మారి, తర్వాత నారింజ రంగుకు తిరిగింది. బయటికి అడుగుపెడితే కట్టెల పొయ్యి పక్కన నిలబడ్డట్టే ఉంది. పక్కన న్యూయార్క్‌లో గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, ఆ రోజు 400 దాటింది. మామూలుగా 50 లోపు ఉంటే మంచి గాలి అంటారు.

అప్పుడు నాకు ఏడో నెల. పురుటికి సాయంగా గుంటూరు నుంచి అమ్మ వచ్చి వారం అయింది. కిటికీలన్నీ బిగించి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి కూర్చున్నాం. సాయంత్రం అమ్మ అలవాటు ప్రకారం దీపం పెట్టి రెండు అగరొత్తులు వెలిగించింది. ఒక నిమిషం ఆగి, "ఏవే, బయటి పొగ రాకుండా అన్నీ మూసేశాం గదా, మరి ఈ పొగ ఎటు పోద్ది?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయింది గానీ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

నేను డాక్టర్ని కాను. మన గుడి వెబ్‌సైట్ పనులు చూసే వాలంటీరుని, వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. లెక్కలు చూడటం, అవి ఎక్కడి నుంచి వచ్చాయో వెతకడం అలవాటు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే, ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే అధ్యయనాల్లో ఒకటి మనం రోజూ కారులో వెళ్లే దారి మీదే జరిగిందని తెలిసింది. ఇప్పుడు కడుపుతో ఉన్న ఆడపిల్లలకూ, వారి అత్తమామలకూ అమ్మానాన్నలకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

గాలిలో ఏముంది, బిడ్డ దాకా ఎలా వెళ్తుంది?

పొగలో మనకు కనబడే భాగం కన్నా కనబడని భాగమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందులో ముఖ్యమైనది పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవైన ధూళి కణాలు. తల వెంట్రుక మందంలో ఇవి సుమారు ముప్పయ్యో వంతు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి పెద్ద దుమ్మును ఆపుతాయి గానీ వీటిని ఆపలేవు. ఇవి నేరుగా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తాయి. వీటిలో అతి చిన్నవి అక్కడి నుంచి రక్తంలోకి కూడా చేరతాయి.

కార్లు, ట్రక్కుల పొగలో ఈ కణాలతో పాటు నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఈ వాయువులే ఎండకు మరిగినట్టుగా రూపం మారి నేలమట్టంలో ఓజోన్ తయారవుతుంది. మన న్యూజెర్సీకి జూన్, జులై నెలల్లో వచ్చే గాలి హెచ్చరికల్లో చాలావరకు ఈ ఓజోన్ వల్లే.

తల్లి శరీరంలో జరిగేది స్థూలంగా ఇది. ఊపిరితిత్తుల్లో చేరిన కణాలను శరీరం శత్రువులుగా చూస్తుంది, వాపు మొదలవుతుంది. ఆ ప్రభావం రక్తనాళాల మీద పడుతుంది. బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందేది మాయ ద్వారా. మాయలోని రక్తనాళాలు సరిగా పని చేయకపోతే బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది, కొందరిలో నెలలు నిండకుండానే నొప్పులు వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ దారి ఇంకా సూటి. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంతమేరకు బిడ్డకు వెళ్లాల్సిన ప్రాణవాయువు తగ్గిపోతుంది.

ఇదంతా ఊహ అనుకోకండి. 2019లో బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కాన్పు తర్వాత తీసిన మాయలను మైక్రోస్కోపు కింద పరీక్షించారు. వాటిలో బిడ్డ వైపు ఉండే భాగంలో కూడా నల్లటి మసి కణాలు కనిపించాయి. తల్లి పీల్చిన మసి మాయ దాకా చేరుతుందని కంటితో చూసిన సాక్ష్యం అది.

అమెరికాలో జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నిటినీ 2020లో ఒకచోట చేర్చి సమీక్షించారు. మూడు కోట్ల ఇరవై లక్షలకు పైగా జననాల వివరాలు వాటిలో ఉన్నాయి. 68 అధ్యయనాల్లో 57, కాలుష్యానికీ లేదా ఎండ వేడికీ, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు, మృత శిశు జననం వంటి వాటికీ సంబంధం ఉందని చెప్పాయి.

అయినా నాలాంటివాళ్లకు ఒక సందేహం వస్తుంది. హైవే పక్కన అద్దె తక్కువ. అక్కడ ఉండేవాళ్లకు డబ్బు ఇబ్బందులు, పని ఒత్తిడి ఎక్కువ ఉండవచ్చు. బిడ్డ బరువు తగ్గింది గాలి వల్లా, ఆ కష్టాల వల్లా? ఈ ముడి విప్పినది మన టర్న్‌పైకే.

టోల్‌గేటు దగ్గర ఏం జరిగింది?

కొత్తగా వచ్చినవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, 2000 సంవత్సరానికి ముందు ఇక్కడికి వచ్చిన మన పెద్దలను అడగండి. టర్న్‌పైక్ మీద టోల్ కట్టాలంటే కారు ఆపి, టికెట్టు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి ఇవ్వాలి. ఎడిసన్‌లోని పదో ఎగ్జిట్ దగ్గర, ఉడ్‌బ్రిడ్జ్‌లోని పదకొండో ఎగ్జిట్ దగ్గర సాయంత్రం పూట బారులు తీరిన కార్లు, ట్రక్కులు. ఇంజిన్ ఆపకుండా నిలబడటం, రెండడుగులు కదలడం, మళ్లీ ఆగడం. టోల్ దాటగానే ఒక్కసారిగా ఆక్సిలరేటర్ తొక్కడం. పొగ ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లకు ఆ వాసన వేరే చెప్పక్కర్లేదు.

2000 సెప్టెంబరు చివరలో టర్న్‌పైక్ మీద ఈజీపాస్ వచ్చింది. కారు ఆగకుండానే డబ్బు కట్ అవుతుంది. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు చూడండి, అలాంటిదే. టర్న్‌పైక్ టోల్‌గేట్ల దగ్గర రద్దీ వేళల్లో వృథా అయ్యే సమయం సుమారు 85 శాతం తగ్గిందని అప్పటి లెక్క. ఇదంతా ప్రయాణికుల సౌకర్యం కోసం చేసిన పని. గర్భిణుల గురించి ఎవరూ ఆలోచించి చేసింది కాదు.

జానెట్ కరీ, రీడ్ వాకర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలకు ఇందులో ఒక అవకాశం కనబడింది. కరీ తర్వాత మన పక్కనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు ప్రొఫెసరుగా పనిచేశారు. వారు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల జనన రికార్డులు తీసుకున్నారు. టోల్‌గేటుకు రెండు కిలోమీటర్ల లోపు ఉన్న తల్లులు ఒక గుంపు. రెండు నుంచి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న తల్లులు రెండో గుంపు. ఈజీపాస్ రాకముందు, వచ్చిన తర్వాత ఈ రెండు గుంపుల్లో పుట్టిన బిడ్డలు ఎలా ఉన్నారో పోల్చారు. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో చేసే ఎ/బి టెస్టు లాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరూ కావాలని పెట్టిన పరీక్ష కాదు, దానంతట అదే జరిగింది.

2011లో వారు ప్రచురించిన ఫలితం ఇది. దూరంగా ఉన్నవాళ్లతో పోలిస్తే, టోల్‌గేటు దగ్గరున్న తల్లుల్లో నెలలు నిండని కాన్పులు 10.8 శాతం, తక్కువ బరువు బిడ్డలు 11.8 శాతం తగ్గారు. ఆ కొద్ది కాలంలో అక్కడి ఇళ్ల ధరలు మారలేదు. అక్కడ ఉండే తల్లుల చదువు, వయసు వంటివీ మారలేదు. మారింది టోల్ దగ్గర ఆగి నిలబడే కార్ల సంఖ్య, దానితో పాటు గాలి.

37 వారాలు నిండకుండా పుట్టడాన్ని నెలలు నిండని కాన్పు అంటారు. రెండున్నర కిలోల కన్నా, అంటే ఐదున్నర పౌండ్ల కన్నా తక్కువ ఉంటే తక్కువ బరువు. అలాంటి బిడ్డల్లో చాలామంది చక్కగా ఎదుగుతారు. కానీ కొందరికి మొదటి వారాలు ఎన్ఐసీయూలో గడుస్తాయి, శ్వాస ఇబ్బందులు వస్తాయి. ఆ గది బయట కుర్చీలో కూర్చున్న తల్లిదండ్రులు మన సభ్యుల్లోనూ ఉన్నారు. వాళ్లకు ఈ శాతాల బరువు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంకా ఎక్కడెక్కడ?

మన రాష్ట్రానికే చెందిన ఇంకో కథ. డెలావేర్ నదికి అవతల పెన్సిల్వేనియాలో పోర్ట్‌లాండ్ అనే బొగ్గు విద్యుత్ కేంద్రం ఉండేది. పొగగొట్టం వాళ్లది, గాలి వాటున పొగ వచ్చి పడేది మన న్యూజెర్సీ ఉత్తర కౌంటీల మీద. ఆ గాలి వాటున ఇరవై ముప్పై మైళ్ల దూరంలో ఉన్న తల్లులకు కూడా తక్కువ బరువు బిడ్డలు పుట్టే అవకాశం సుమారు 6.5 శాతం పెరిగిందని లీహై విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. న్యూజెర్సీ ప్రభుత్వం పిటిషన్ పెట్టింది, 2011లో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ దాన్ని ఆమోదించింది, 2014లో అక్కడ బొగ్గు మండించడం ఆగిపోయింది.

కాలిఫోర్నియాలో 2001 నుంచి 2011 వరకు ఎనిమిది బొగ్గు, చమురు విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి. వాటికి ఐదు కిలోమీటర్ల లోపు నెలలు నిండని కాన్పులు వందకు 7 నుంచి 5.1కి తగ్గాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ కోసం చైనా ప్రభుత్వం ఫ్యాక్టరీలు, కార్లు ఆపించి గాలిని కొన్ని వారాలు శుభ్రం చేసింది. ఆ వారాల్లో ఎనిమిదో నెలలో ఉన్న తల్లుల బిడ్డలు, ముందు వెనక సంవత్సరాల్లో అదే రోజుల్లో పుట్టిన బిడ్డల కన్నా సగటున 23 గ్రాములు ఎక్కువ బరువున్నారు.

అన్ని ప్రయోగాలూ ఒకే జవాబు ఇవ్వలేదని కూడా చెప్పాలి. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. సగం మందికి కట్టెల పొయ్యి బదులు గ్యాస్ పొయ్యి ఇచ్చారు. పొగ బాగా తగ్గింది, కానీ 2022లో వచ్చిన ఫలితాల్లో బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గ్యాస్ అందేసరికి చాలామందికి మూడో నెల దాటిపోవడం ఒక కారణం కావచ్చని కొందరంటారు. ఏదో ఒక్కటి మారిస్తే అంతా బాగైపోతుందని ఆశ పెట్టుకోకూడదని నాకు అర్థమైంది.

భయపడాల్సినదెంత?

శాతాలు చూసి కంగారు పడకండి. అమెరికాలో వంద కాన్పుల్లో సుమారు పది నెలలు నిండకుండా జరుగుతాయి. 10.8 శాతం తగ్గడమంటే ఆ పది సుమారు తొమ్మిది అవుతుంది. అంటే ఏ ఒక్క తల్లికైనా ఈ మార్పు చిన్నదే. కొన్ని వేలమంది ఉన్న ఊరికి మాత్రం అది పెద్దది.

అందుకే, నెలలు నిండకుండా బిడ్డ పుట్టిన ఏ తల్లినీ "నువ్వు అక్కడికి వెళ్లావు, ఇది పీల్చావు" అని అనకండి. ఒక్కరి విషయంలో కారణం ఇదీ అని ఏ డాక్టరూ చెప్పలేరు. ఇంకోమాట. టోల్‌గేటు పక్కన ఉన్న ఆ తల్లులు తమ తిండిలో, నడకలో ఏమీ మార్చుకోలేదు. దారిన పోయేవాళ్ల కార్లు ఆగడం మానాయి, వాళ్ల బిడ్డలు బాగుపడ్డారు. గర్భిణి పీల్చే గాలి చాలావరకు ఆమె చేతిలో లేదు, చుట్టూ ఉన్న మన చేతిలో ఉంది. ఈ వ్యాసమంతటికీ సారం ఇదే.

సూచీ చదవడం ఎలా?

ఫోన్‌లో ఎయిర్‌నౌ యాప్ పెట్టుకుని మన జిప్ కోడ్ కొడితే ఆ గంట గాలి వివరాలు వస్తాయి. 50 వరకు ఆకుపచ్చ, 100 వరకు పసుపు, 150 వరకు నారింజ, 200 వరకు ఎరుపు, 300 వరకు ఊదా, ఆ పైన ముదురు ఎరుపు. నారింజ రంగు వచ్చిన రోజు సున్నితమైనవాళ్లకు ఇబ్బంది అని అర్థం. గర్భిణులు ఆ జాబితాలోనే ఉంటారు. ఆ రోజు నడక మానక్కర్లేదు. ఓజోన్ వల్ల అయితే పొద్దున్నే నడవండి, కణాల వల్ల అయితే తగ్గించుకుని లోపల నడవండి. ఎరుపు దాటితే పని ఉంటేనే బయటికి, అది కూడా ఎన్95 మాస్కుతో. బట్ట మాస్కు ఈ కణాలను ఆపదు.

ఇండియా వెళ్లేవాళ్లకు ఒక ముఖ్యమైన జాగ్రత్త. అక్కడి సూచీ, ఇక్కడి సూచీ ఒకటి కావు. గాలిలో ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే భారత సూచీ 100 చూపించి "సంతృప్తికరం" అంటుంది. అదే గాలికి అమెరికా సూచీ 150 దాటి ఎరుపులో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న అక్క "ఇవాళ గాలి బాగానే ఉందే, 95" అంటే ఏ సూచీ అని అడగండి. ఏడాది సగటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 మైక్రోగ్రాములు. అమెరికా 2024లో తన హద్దును 12 నుంచి 9కి తగ్గించింది. ఇండియా హద్దు 40. ఊరు ప్రశాంతంగా ఉంటుంది కదా అనుకోవద్దు, హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో చేసిన ఒక అధ్యయనంలో కూడా సగటు 33 దగ్గర తేలింది. కడుపుతో ఉన్నప్పుడు శ్రీమంతానికో పెళ్లికో వెళ్లాల్సి వస్తే, వీలైతే నవంబరు నుంచి జనవరి వరకు తప్పించుకోవడం మంచిది. ఆ నెలల్లో పొగ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇంట్లో

మనం రోజులో ఎక్కువ గంటలు ఇంట్లోనే ఉంటాం. వంటింటితో మొదలుపెడదాం. గ్యాస్ పొయ్యి మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, తాలింపు, వేపుళ్ల నుంచి కణాలు వస్తాయి. పొయ్యి మీది ఫ్యాన్ గాలిని బయటికి పంపుతోందా, లేక వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతోందా చూసుకోండి. అపార్ట్‌మెంట్లలో మైక్రోవేవ్ కింద ఉండే ఫ్యాన్లు చాలావరకు రెండో రకం. అలాంటప్పుడు వంట సేపు కిటికీ తీయండి. వెనక పొయ్యిల మీద వండితే ఫ్యాన్ పొగను బాగా లాగుతుంది. మిరపకాయల పోపు, బజ్జీల మూకుడు ఈ తొమ్మిది నెలలూ ఇంకొకరికి అప్పజెప్పండి. అల్లుళ్లకు, కొడుకులకు ఇది మంచి అవకాశం.

ఇక పూజ గది. అగరొత్తి పొగ గురించి నేను చదివినప్పుడు కాస్త కష్టంగానే అనిపించింది. ఒక గ్రాము అగరొత్తి కాలితే 45 మిల్లీగ్రాములకు పైగా కణాలు వస్తాయి, ఒక గ్రాము సిగరెట్టుకు 10. సిగరెట్టును నేరుగా లోపలికి పీలుస్తారు, అగరొత్తి గదిలో కలిసిపోతుంది, కాబట్టి రెండూ సమానం కావు. కానీ మూసిన చిన్న గదిలో అది తక్కువేమీ కాదు. తైవాన్‌లో వేల జననాల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భంతో ఉండగా రోజూ ఇంట్లో అగరొత్తులు వెలిగించిన తల్లుల మగబిడ్డల బరువు కొద్దిగా తక్కువగా ఉంది. తేడా కొన్ని గ్రాములే. అయినా సులువుగా తప్పించుకోగలిగేది.

అమ్మకు ఇది చెప్పినప్పుడు, "మిమ్మల్నందర్నీ సాంబ్రాణి పొగలోనే పెంచాను, మీకేమైంది?" అంది. నిజమే. కానీ గుంటూరులో మా ఇంటికి నడి పెరడు, పైన ఖాళీ, అన్ని గదులకూ ఎదురెదురు కిటికీలు. పొగ వేసిన ఐదు నిమిషాలకు అది మన దగ్గర ఉండేది కాదు. ఇక్కడి ఇళ్లు చలికి గాలి చొరకుండా బిగించి కట్టినవి. జనవరిలో వెలిగించిన అగరొత్తి పొగ గంటల తరబడి ఇంట్లోనే తిరుగుతుంది. ఆచారం మారలేదు, ఇల్లు మారింది.

చివరికి అమ్మే దారి చెప్పింది. నూనె దీపం ఒక్కటి, పూలు, గంధం. హారతి కర్పూరం చిన్న బిళ్ల, కిటికీ తెరిచి. అగరొత్తులు పండగ రోజు వెనక డెక్ మీద తులసి కుండీ దగ్గర. బిడ్డ పుట్టాక నీళ్లు పోసినప్పుడు సాంబ్రాణి బదులు మెత్తటి తువ్వాలుతో తల తుడిచి, కిటికీ దగ్గర ఎండలో కూర్చోబెట్టాం. నిప్పుల మీద సాంబ్రాణి వేసి మూసిన బాత్రూంలో బాలింతను, బిడ్డను కూర్చోబెట్టడం మాత్రం ఎవరూ చేయకండి. అక్కడ పొగ ఒక్కటే కాదు, నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణానికే ముప్పు. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ఇవాళే నొక్కి చూడండి.

హెపా ఫిల్టరున్న గాలి శుద్ధి యంత్రం ఒకటి పడకగదిలో ఉంటే చాలు, రాత్రి ఎనిమిది గంటలు మంచి గాలి దొరుకుతుంది. డబ్బా మీద సీఏడీఆర్ అనే అంకె ఉంటుంది. గది వైశాల్యం చదరపు అడుగుల్లో ఎంతో, అందులో మూడింట రెండు వంతులైనా ఆ అంకె ఉండాలి. 180 చదరపు అడుగుల గదికి 120. అడవి మంటల పొగ రోజుల్లో గది వైశాల్యమంత ఉంటే ఇంకా మంచిది. ఓజోన్ వదిలే "అయొనైజర్" రకాలు కొనకండి. ఇంటి హీటింగ్, ఏసీ యంత్రానికి సరిపోతే మెర్వ్ 13 ఫిల్టరు వేయించండి.

ఆస్తమా ఉన్న గర్భిణులు భయంతో ఇన్‌హేలర్ మానేయడం చాలా ప్రమాదం. మీ ఓబీ డాక్టరును అడగకుండా ఏ మందూ ఆపకండి. ఆయాసం, తలనొప్పితో కళ్లు మసకబారడం, నెలలు నిండకముందే నొప్పులు, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనబడినా సూచీ చూస్తూ కూర్చోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

గుడిలో

ఇంటి దాకా మన ఇష్టం. గుడి అందరిది. కమిటీ పెద్దల ముందు నేను నాలుగు విన్నపాలు పెట్టాను, మీ ముందు కూడా పెడుతున్నాను.

మొదటిది పార్కింగ్. శనివారం సాయంత్రం, పండగ రోజుల్లో మెయిన్ తలుపు ముందు కార్లు ఇంజిన్ ఆపకుండా పది పదిహేను నిమిషాలు నిలబడుతున్నాయి. ప్రసాదం తెచ్చేదాకా ఏసీ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటున్నాం. న్యూజెర్సీ చట్టం ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప మూడు నిమిషాలకు మించి ఇంజిన్ ఊరికే నడపకూడదు. జరిమానా వాహనదారుకే కాదు, స్థలం యజమానికి కూడా పడవచ్చు. యజమాని అంటే మన సొసైటీ. మన తలుపు ముందు వరస ఒకప్పటి టోల్‌గేటు వరసకు చిన్న నమూనా. స్ట్రోలర్‌తో, నిండు కడుపుతో నడిచి వచ్చేవాళ్లు ఆ వరస మధ్యలోంచే వస్తారు. దయచేసి ఇంజిన్ ఆపండి.

రెండోది హోమం. మానమని ఎంతమాత్రం కాదు. సమిధలు బాగా ఎండినవైతే పొగ సగానికి సగం తగ్గుతుందని మన అర్చక స్వామివార్లకు నాకన్నా బాగా తెలుసు. హాలులో హోమం జరిగేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ముందే వేయడం, రెండు తలుపులు తెరిచి ఉంచడం, తలుపు దగ్గరి వరసలు గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లకు వదిలేయడం చేయగలం. శ్రీమంతం చేయించుకునే దంపతులు పూర్ణాహుతి దాకా కుండం ముందే కూర్చోవాలా, ఎంతసేపు చాలు అన్నది స్వామివారిని ముందే అడగండి. నేను అడిగినప్పుడు సంతోషంగా సర్దుబాటు చేశారు.

మూడోది భోగి, దీపావళి. భోగి మంటలో ఎండు కట్టెలు, పిడకలు చాలు. రంగు వేసిన ఫర్నిచరు, ప్లాస్టిక్, అట్టపెట్టెలు వద్దు. గర్భిణులకు కుర్చీలు గాలి వచ్చే వైపు వేద్దాం, పొగ పోయే వైపు కాదు.

నాలుగోది నా పని. రోజువారీ ఏక్యూఐ అంకె మన వెబ్‌సైట్ మొదటి పేజీలో పెట్టే ఏర్పాటు చేస్తున్నాను. అది 150 దాటిన రోజు బయట పెట్టిన కార్యక్రమాలను లోపలికి మార్చాలని, లేదా వాయిదా వేయాలని కమిటీని కోరాను. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలోనే ఓషన్ కౌంటీలో పదిహేను వేల ఎకరాలకు పైగా కాలిపోయింది. 2023 జూన్ లాంటి రోజు మళ్లీ రాదనుకోవడానికి లేదు.

2019లో పుట్టిన నెల లోపే చనిపోయిన పసివాళ్లలో సుమారు ఐదు లక్షల మంది మరణాలకు గాలి కాలుష్యంతో సంబంధం ఉందని ఒక అంతర్జాతీయ నివేదిక లెక్కగట్టింది. వారిలో లక్షా పదహారు వేల మంది భారతదేశంలోనివారు. ఆ అంకె ముందు మన పార్కింగ్ లాట్ చాలా చిన్నది. కానీ మన అధీనంలో ఉన్నది అదే.

మా పాప ఆగస్టులో నెలలు నిండాకే పుట్టింది, ఇప్పుడు గుడి మెట్లు తనే ఎక్కుతుంది. అమ్మ గుంటూరు నుంచి వీడియో కాల్ చేసినప్పుడు ఇప్పటికీ మొదట అడిగేది, "కిటికీ తీశావా?" అని.

వచ్చే శనివారం మీరు గుడి తలుపు ముందు కారు ఆపినప్పుడు, దయచేసి తాళం కూడా తిప్పండి.